నాన్న గీయని కాలిబాట

నాన్న పోయి ఎనిమిది నెలలైంది. ఆయన వదిలి వెళ్ళినవాటిలో ఎక్కువ భాగం యుద్ధాల పుస్తకాలే. ఆదివారాలు ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఏరి తెచ్చుకున్నవి. కొన్నిటికి అట్టల్లేవు. కొన్నిటి మొదటి పేజీలో ముక్కూమొహం తెలియనివాళ్ళ సంతకాలున్నాయి. ఎవరికైనా ఇచ్చేద్దామని మూడుసార్లు వాటి ముందు కూర్చున్నాను. మూడుసార్లూ ఒక పుస్తకం దగ్గర ఆగిపోయాను. అది నాన్న కొన్నది కాదు. నేను కాలేజీ లైబ్రరీ నుంచి తెచ్చి తిరిగి ఇవ్వనిది. అందులో చదివిన ఒక్క సంగతిని నేను తప్పు సమయంలో, ఒక మనిషి ఎదుట పైకి అన్నాను. దాని గురించి నాన్న ఉండగా రాయలేకపోయాను.

మేము ఎల్.బి.నగర్ చౌరస్తాకు కాస్త లోపల ఇల్లు కట్టుకున్నప్పుడు కాలనీలో పట్టుమని పదిళ్ళు లేవు. మాది కృష్ణా జిల్లా. నాన్న సైన్యంలో హవల్దారుగా రిటైరై, దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక బ్యాంకు గుమ్మం దగ్గర తుపాకీతో గార్డుగా కూర్చునేవారు. చుట్టూ ఎక్కడ చూసినా పునాదులు, ఇనుప చువ్వలు, సెంట్రింగ్ చెక్కలు, లారీలు దింపి పోయిన ఇసుక కుప్పలు. సైన్యంలో చివరి కొన్నేళ్ళు నాన్న కొత్తగా చేరినవాళ్ళకు పాఠాలు చెప్పారు. అక్కడ ఇసుక మీద కొండలూ నదులూ చేసి యుద్ధం ఎలా జరిగిందో చూపిస్తారట. ఇక్కడ అంత ఇసుక ఊరికే పడి ఉండేసరికి ఆయన చెయ్యి ఆగలేదు.

సాయంత్రం డ్యూటీ నుంచి వచ్చి లుంగీ కట్టుకుని పక్క ప్లాటులోకి వెళ్ళేవారు. ఇటుక ముక్కలు కోటలు, కంకర ఫిరంగులు, చింతపిక్కలు సైనికులు. నదులకు నీలిమందు కలిపిన నీళ్ళు, దారులకు అమ్మ ముగ్గుడబ్బా. పానిపట్టు మూడుసార్లూ అక్కడే జరిగింది. విజయనగరం సైన్యం కృష్ణ ఒడ్డున చెదిరిపోవడం, ఔరంగజేబు గోల్కొండ చుట్టూ నెలల తరబడి కూర్చోవడం, మొదటి ప్రపంచ యుద్ధంలో టైగ్రిస్ నది వంపులో మన సిపాయిలు ముట్టడిలో గుర్రాలను కోసుకుని తినడం, కోహిమాలో ఒక టెన్నిస్ కోర్టుకు అటూ ఇటూ రెండు సైన్యాలు గోతుల్లో ఉండి బాంబులు విసురుకోవడం, అన్నీ నేను ముందు ఇసుక మీద చూసి తర్వాత పుస్తకాల్లో చదివాను. ఎం.ఏ.లో చరిత్ర తీసుకున్నానంటే అందుకే.

చూడ్డానికి ఐదారుగురు చేరేవారు. పక్క ఇంటి మేస్త్రీకి మాత్రం ఇదంతా తలనొప్పి. ఒకరోజు తట్టలు పట్టుకున్న కూలీలతో వచ్చి, "సార్, మీ పానిపట్టు ఇయ్యాల స్లాబ్‌ల పోతది, జర లేవుండ్రి" అన్నాడు. నాన్న నవ్వి లేచారు. అమ్మ గేటు దగ్గర నిలబడి, గెలిచినవాళ్ళూ ఓడినవాళ్ళూ అందరూ వచ్చి కాఫీ తాగితే గిన్నెలు కడుక్కుంటానని అనేది.

ఇసుక దగ్గర నాన్నకు రెండు నియమాలు ఉండేవి. ఒకటి, నిలబడి చూడకూడదు. గొంతుక్కూర్చుని, తల వంచి, కళ్ళు ఇసుక మట్టానికి తెచ్చి చూడాలి. పైనుంచి చూసేది జనరళ్ళూ పుస్తకాలు రాసేవాళ్ళూ, సిపాయికి ముందున్న దిబ్బ తప్ప ఏమీ కనిపించదు అనేవారు. రెండోది, తప్పు కనిపిస్తే అప్పుడే చెప్పాలి. ఎవరు వేసినా సరే. మొహమాటపడితే మనుషులు చస్తారు అనేవారు. ఒకసారి ఆయన హైదరాబాదు పోలీసు చర్య వేసి బెజవాడ రోడ్డు వైపు నుంచి కూడా సైన్యం పోరాడుతూ వచ్చిందని చెబుతుంటే, మా కాలనీ రాకముందు నుంచీ అక్కడున్న పాత ఊరి ముసలాయన ఒకరు కట్టె ఆనించి కూర్చుని, "మా ఊర్ల ఒక్క తుపాకి పేలలే సార్. మిల్ట్రోళ్ళు వచ్చిండ్రు, బాయిల నీళ్ళు తాగిండ్రు, పొయ్యిండ్రు. గిదేం లడాయి" అన్నాడు. నాన్న వెంటనే ఆ భాగంలో కంకర తీసేశారు. ఓడిపోయినవాళ్ళను గెలిపించమని కాలనీవాళ్ళు సరదాకు అడిగినా ఒప్పుకునేవారు కాదు. ఒక్క చింతపిక్కను కూడా ఎవరి ముచ్చట కోసమూ జరిపేవారు కాదు.

ఒక్క యుద్ధం మాత్రం ఎప్పుడూ వెయ్యలేదు. చైనా యుద్ధం. అందులో ఆయన ఉన్నారని మాకు తెలుసు. ఎడమ పాదానికి రెండు వేళ్ళు లేవు. మంచు తినేసిందని అమ్మ చెప్పేది. అంతకు మించి ఆయన చెప్పేవారు కాదు. చెప్పరు కాబట్టే నేను లైబ్రరీలో వెతికాను. ఆ సరిహద్దులో పనిచేసిన ఒక అధికారి రాసిన పుస్తకం దొరికింది, మ్యాపులతో సహా. నాన్నకు చూపించకుండా రెండుసార్లు చదివాను. ఎప్పుడో ఒకరోజు ఆయన నోరు విప్పితే నాకూ తెలుసని చూపించాలని ఉండేది. ఇరవై ఒక్కేళ్ళ వయసు.

మాకు పాలు పోసే ఆవిడ ఆ పాత ఊరి మనిషి. మా ఇల్లు ఉన్నచోట ఒకప్పుడు వాళ్ళ జొన్నచేను. భూములు ప్లాట్లయ్యాక కూడా ఆమె బర్రెలను అమ్మలేదు. నలభై దాటిన మనిషి, పెద్ద బొట్టు, కాళ్ళకు మట్టెలు. భర్త సైన్యంలో చేరి చైనా యుద్ధంలో కనిపించకుండా పోయాడు. అప్పటికి ఆమె కడుపుతో ఉంది. చనిపోయాడని కాగితం రాలేదు, కనిపించడం లేదనే వచ్చింది. పన్నెండేళ్ళు చూసి ఆమె బావ, అంటే భర్త అన్న, గడ్డిబొమ్మ చేసి దహనం చేసి దినాలు జరిపిద్దామన్నాడు. కనిపించకుండా పోయినవాళ్ళకు వాళ్ళలో అదే ఆచారం. ఆమె ఒప్పుకోలేదు. దాంతో ఆ ఇంట్లో ఇంకో మాట పుట్టింది. వాడు యుద్ధంలో నుంచి పారిపోయి ఎక్కడో ఇంకో సంసారం పెట్టుకున్నాడని. ఆ మాట ఆమె బావదే.

అలా తండ్రిని చూడకుండా పుట్టిన కూతురికి ఆ ఏడు పెళ్ళి కుదిరింది. అబ్బాయి వాళ్ళది అల్మాస్‌గూడ. శుభలేఖ అచ్చుకు ఇవ్వడానికి ఆమె దిల్‌సుఖ్‌నగర్ బస్టాపు వెనక సందులో ఉన్న ప్రెస్సుకు వెళ్ళింది. మరునాడు పాలు పోసి వెళ్ళిపోకుండా వరండాలో నిలబడింది. నాన్న పేపరు మడిచి కూర్చోమన్నారు. ఆమె మెట్టు మీద కూర్చుంది.

"అచ్చేసేటాయన అడిగిండు సార్, నీ పెనిమిటి పేరు ముంగట ఏమెయ్యాలని. శ్రీ అని ఎయ్యాల్నా, కీర్తిశేషులని ఎయ్యాల్నా అని. రేపు చెప్త అని వచ్చిన. ఇరవై రెండేండ్ల సంది అందరికీ రేపు చెప్త అనే అంటున్న."

 ఆమె చీర కొంగులోంచి ఒక ప్లాస్టిక్ కవరు తీసింది. అందులో రెండు ఇన్‌లాండ్ ఉత్తరాలు, ఒక టెలిగ్రామ్, సైన్యం పంపిన కాగితం. ఇసుకల లడాయిలన్నీ చూపిస్తారు కదా, ఆయనున్న లడాయి కూడా చూపించమంది. అక్కడి నుంచి మనిషి బతికి బయటపడే వీలుందా లేదా, అదొక్కటి చాలంది.

"సచ్చిపోయిండంటే ఏడుస్త. బతికుండి రాలేదంటే ఏం చెయ్యాలె సార్?"

నాన్న ఉత్తరాల మీద ఆయన పల్టన్ నంబరు, ఆ పల్టన్‌లో ఆయన ఉన్న కంపెనీ పేరు చూశారు. చాలాసేపు చూశారు. ఆదివారం మధ్యాహ్నం రమ్మని చెప్పి కాగితాలు తిరిగి కవర్లో పెట్టి ఇచ్చారు. 

ఆదివారం పక్క ప్లాటులో కొత్తగా పోసిన ఇసుక ఉంది. నాన్న పొద్దుటి నుంచి ఒక్కరే చేశారు. నిటారుగా రెండు కొండలు, మధ్యలో కనుమ, కింద నది, నది పక్కగా రోడ్డు. ముగ్గుడబ్బా నా చేతికి ఇచ్చారు. రోడ్డు గీయమన్నచోట గీశాను. ఇంకేమీ గీయమనలేదు. ఆమె పాలు పిండే పని ముగించుకుని, చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చింది. నాన్న ఆమెను కూడా అందరినీ కూర్చోబెట్టినట్టే కింద కూర్చోమన్నారు. ఆమె గొంతుక్కూర్చుని, చెంప ఇసుకకు తగులుతుందేమో అన్నంతగా వంగి చూసింది. అలా చూసినవాళ్ళను నేను అంతకు ముందు చూడలేదు. మిగతా అందరం ఆట కోసం వంగేవాళ్ళం.

పై కొండ మీద నాన్న గుప్పెడు చింతపిక్కలు పెట్టారు. మీ ఆయన కంపెనీ ఇక్కడ ఉందమ్మా అన్నారు. శత్రువు ఎటు నుంచి వచ్చాడో, కనుమ వెనక రోడ్డును ఎక్కడ తెంచాడో చూపించారు. గొంతు మామూలుగానే ఉంది. రోడ్డు తెగాక పైన ఉన్నవాళ్ళకు ఇక కిందికి దారి లేదన్నారు. వాళ్ళందరూ అక్కడే పోయి ఉంటారని అన్నారు. 

నాకు ఆ పుస్తకంలోని మ్యాపు కళ్ళ ముందుంది. అందులో కొండల పడమటి వైపు చుక్కల గీత ఉంది. ఎంతోమంది ఆ బాట పట్టి భూటాన్ మీదుగా బయటపడ్డారని రాసి ఉంది. నాన్న మరిచిపోయారనుకున్నాను. తప్పు కనిపిస్తే అప్పుడే చెప్పాలి. పదేళ్ళుగా అదే నేర్చుకున్నాను.

"నాన్నా, ఇక్కడ కాలిబాట ఉండాలి. పడమటి వైపు. భూటాన్‌లోకి పోతుంది. మీరు వెయ్యలేదు."

అనడమే కాదు, ముగ్గుడబ్బా నా చేతిలోనే ఉంది. వంగి గీశాను.

నాన్న నా వైపు చూశారు. కోపం లేదు ఆ చూపులో. అప్పుడు గానీ నాకు అర్థం కాలేదు, ఆయన దాన్ని మరిచిపోలేదని. ఎవరి కోసమూ ఒక్క పిక్క జరపని మనిషి ఆ రోజు ఒక దారిని తీసేశారు. ఆమె కోసం తీసేశారు. దాన్ని నేను మళ్ళీ తెచ్చి పెట్టాను.

ఆమె ముగ్గు గీతను చివరి వరకూ చూసింది. ఈ తొవ్వెంట మనుషులు పోయారా అని అడిగింది. వెళ్ళారన్నారు నాన్న. బతికారా అంది. కొందరు అన్నారు. మీకెట్ల ఎరుక అంది.

"నేనూ ఆ బాటలోనే వచ్చానమ్మా. పదకొండు రోజులు నడిచాం."

"మీరు వచ్చిండ్రు గద. మరి ఆయనెందుకు రాలే?"

పక్క ప్లాటులో ఇనుము కోస్తున్న చప్పుడు ఆగి మళ్ళీ మొదలైంది. నాన్న చేతికి అంటిన ఇసుకను లుంగీకి తుడుచుకున్నారు.

"దిగిపొమ్మన్న ఆర్డరు వాళ్ళకు అందలేదమ్మా. అందించాల్సింది నేను. వైర్‌లెస్‌లో రెండుసార్లు పిలిచాను, జవాబు రాలేదు. మళ్ళీ పిలవబోతుంటే సెట్టు కట్టెయ్యమన్నారు. కట్టేశాను. వాళ్ళు పైనే ఉండిపోయారు."

"అంటే ఆయన ఉరకలే."

"లేదమ్మా. ఉరికింది మేము."

ఆమె లేచి నిలబడింది. ఏడవలేదు. ఈ ముచ్చట మా బావ ముంగట చెప్తరా అని అడిగింది. నాన్న చెప్తానన్నారు.

ఆ సాయంత్రమే వెళ్ళాం. వద్దన్నా నేనూ వెంట వెళ్ళాను. ఆమె బావ అప్పటికే ప్లాట్ల వ్యాపారంలో బాగా ఎదిగాడు. ముందు గదిలో బల్ల మీద లేఅవుటు కాగితం పరిచి ఉంది. నాన్న చెప్పులు గుమ్మం బయట విడిచి లోపలికి నడిచారు. ఆమె బావ చూపు ముందు నాన్న ఎడమ పాదం మీద పడింది. నాన్న కూర్చోకుండానే అంతా చెప్పారు. మధ్యాహ్నం చెప్పిన మాటలే, అదే వరుసలో. ఆమె తలుపు పక్కన నిలబడి విన్నది.

ఆమె బావ లేఅవుటు కాగితం అంచును గోటితో నొక్కాడు.

"గట్లయితే మా తమ్ముణ్ని గుట్ట మీద ఇడిచిపెట్టి ఒచ్చింది మీరే అన్నట్టు."

"అవునండీ" అన్నారు నాన్న.

ఆయన లోపలికి కేకవేసి చాయ్ తెమ్మన్నాడు. చాయ్ వచ్చేలోగా తానే లేచి లోపలికి వెళ్ళిపోయాడు. మేము ఆ చాయ్ ఎదురుగా పెట్టుకుని కూర్చున్నాం. చల్లారేదాకా ఆయన రాలేదు. ఇంక వెళ్తామని నాన్న ఆమెతోనే చెప్పి లేచారు.

ఆ రాత్రి అన్నాలు పెడుతూ అమ్మ జరిగినదంతా నా నోటి నుంచి విన్నది. విని నాన్న వైపు తిరిగి, మెల్లగా, "ఆ సెట్లు రెండు రోజుల ముందే చచ్చిపోయాయని కదండీ నాతో చెప్పారు" అంది. నాన్న మజ్జిగ కలుపుకుంటున్నారు. తల ఎత్తలేదు. అమ్మ ఇక అడగలేదు.

పెళ్ళికి ముందే ఊరి చివర గడ్డిబొమ్మను దహనం చేశారు. నిప్పు పెట్టింది ఆమె బావ. ఏ తిథికి చెయ్యాలని పురోహితుడు అడిగితే ఆమె మా ఇంటికే మనిషిని పంపింది. నాన్న పాత పంచాంగం తీసి, ఆ కొండ కింద రోడ్డు తెగిన రోజు తిథి చూసి ఒక చీటీ మీద రాసి ఇచ్చారు. శుభలేఖ మాకూ వచ్చింది. పసుపు అంటించిన అంచులు, తండ్రి పేరు ముందు కీ.శే. పెళ్ళిలో పీటల మీద ఆమె బావ, ఆయన భార్య కూర్చున్నారు. ఆమె తెల్లటి నుదురుతో వంటల దగ్గర నిలబడి దూరం నుంచి చూసింది. పెళ్ళికూతురు రెండుసార్లు అటు తిరిగి వెతుక్కుంది. ఆ కార్డు మీద శ్రీ అని వేయించి ఉంటే ఆమె బొట్టుతో ముందు వరసలో ఉండేది. ఆ గీత గీసింది నేను. గీయకపోయినా అదే జరిగేదని, నాన్న మొదట చెప్పింది కూడా చావేనని నాకు నేను ఎన్నోసార్లు చెప్పుకున్నాను. కానీ నేను గీయకపోతే నాన్న ఆ గుమ్మంలో నిలబడి ఆ మాట అనాల్సి వచ్చేది కాదు.

ఆ మాట కాలనీలో పాకింది.  సాయంత్రాలు ఇసుక దగ్గరికి వచ్చేవాళ్ళు రావడం మానేశారు. కొన్నాళ్ళకు నాన్నా మానేశారు. ఆమె మాత్రం మాకు పాలు పొయ్యడం మానలేదు. గేటు దగ్గర పోసి, నాన్న కనిపిస్తే, బాగున్నారా సార్ అని వెళ్ళేది.

నేను తర్వాత ముప్పై ఏళ్ళు చరిత్ర చెప్పాను. ఆ యుద్ధం మీద దొరికినదల్లా చదివాను. ఆ కొండ మీద ఉండిపోయిన కంపెనీ గురించి ఎక్కడా ఒక్క వాక్యం దొరకలేదు. నాన్న సర్వీసు పుస్తకంలో ఆయన వైర్‌లెస్ పని నేర్చుకున్నట్టు ఉంది. ఎవరిని పిలిచారో, పిలవలేదో అలాంటి పుస్తకాల్లో ఉండదు. సెట్లు ముందే పాడైపోయి ఉంటే ఆయన ఆ మధ్యాహ్నం చెప్పింది అబద్ధం. పారిపోయాడన్న మాట ఆమె భర్త మీద పడకుండా తన మీద వేసుకున్నారు. లేదంటే అమ్మకు చెప్పిందే అబద్ధం, ఇరవై ఏళ్ళు తన భార్యతో కూడా నిజం చెప్పలేకపోయారు. రెండింటిలో ఏది ఒప్పుకోవాలన్నా నాకు ఇప్పటికీ కష్టంగానే ఉంది. మొదటిదే అయి ఉండాలని కోరుకుంటాను. అలా కోరుకోవడం నేను చదివిన చదువుకు పనికిరాదని తెలుసు.

అమ్మ చనిపోయిన ఏడాది ఒకసారి నాన్నను నేరుగా అడిగాను. ఆ రోజు ఆవిడతో చెప్పింది నిజమేనా నాన్నా అని. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"ఆవిడ అడిగిందా?"

"లేదు. నేనే అడుగుతున్నాను."

"ఆవిడ అడిగితే చెప్తాను" అన్నారు.

ఎనిమిది నెలల క్రితం నాన్నను ముందు గదిలో పడుకోబెట్టినప్పుడు ఆమె వచ్చింది. ఎనభై దాటింది. కూతురు చెయ్యి పట్టుకుని మెట్లు ఎక్కించింది. ఆమె నాన్న పాదాల దగ్గర కూర్చుని దుప్పటి సరిచేసింది. అందరూ బయట ఏర్పాట్లలో ఉన్నారు. నేను ఆమె పక్కన కూర్చున్నాను. అడగకూడదని తెలిసే, ఎప్పుడైనా నాన్నను మళ్ళీ ఏమైనా అడిగారా అని అడిగాను. ఏం అడగాలె అన్నట్టు చూసింది. అమ్మ ఆ రాత్రి అన్న మాట చెప్పాను, సెట్ల సంగతి. చెప్పాక చెప్పి ఉండకూడదనిపించింది. ఇది రెండోసారి.

ఆమె నా చెయ్యి తీసి తన ఒళ్ళో పెట్టుకుంది.

"నాకు అప్పుడే ఎరుక బిడ్డా, మీ నాయిన ఏదో ఒకటి కల్పిండని. ఏది కల్పిండో అడగలే. అడిగితె ఆయన చెప్తుండె. చెప్పినంక నేను మల్ల రేపు రేపు అనుకుంట ఉండాలె."

తర్వాత బయటి నుంచి పిలిచారు. ఆమె లేవడానికి నేను సాయం పట్టాను. నాన్నకు నీళ్ళు పోయించే ముందు ఆమెనూ పిలవమని ఎవరో అన్నారు. ఆమె రానంది, అక్కడే గోడకు ఆనుకుని కూర్చుని ఉంటానంది. సాయంత్రం మేము తిరిగి వచ్చేదాకా ఆమె అక్కడే కూర్చుని ఉంది.